60 వేల లాప్‌టాప్‌లో వైఫై 7 కోసం ఇంకో 6 వేలు పెట్టొచ్చా? వైఫై 6 చాలదా?

కాకినాడ_కాజా

చెల్లెలికి లాప్‌టాప్ కొనాలి. ఇంజనీరింగ్ రెండో ఏడు, హాస్టల్లో ఉంటుంది. కనీసం ఐదేళ్లు వాడాలన్నది మా లెక్క. చివరికి రెండు మోడళ్ల దగ్గర ఆగాం. ప్రాసెసర్ ఒకటే. ర్యామ్ 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ 512 జీబీ, రెండింటిలోనూ అంతే. తేడా అంతా వైఫైలోనే: 60 వేలదానికి వైఫై 6 అని రాశారు, 66 వేలదానికి వైఫై 7 అని రాశారు.

ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్, కనెక్షన్‌తో పాటు ఇచ్చిన వైఫై 5 రూటర్. హాస్టల్లో కాలేజీ వాళ్ల వైఫై. షాపులో ఏమో "6 తీసుకుంటే రెండేళ్లకే పాతదైపోతుంది" అంటున్నారు. ఈ 6 వేలకి నిజంగా చేతికి ఏమొస్తుంది? తెలిసినవాళ్లు లెక్కతో చెప్పండి.

రేడియో_రంగా

నా ఓటు వైఫై 6కే. లెక్క అడిగారు కాబట్టి లెక్కే రాస్తాను.

డబ్బా మీద రాసే అంకెలన్నీ లాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్య గాల్లో కుదిరే లింకు వేగాలు. ఇంటర్నెట్ వేగం వేరు. రెండు యాంటెన్నాల వైఫై కార్డు 80 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానల్ మీద ఉంటే వైఫై 5లో 867 ఎంబీపీఎస్, వైఫై 6లో 1201, వైఫై 7లో 1441. సిగ్నల్ బాగున్నచోట ఇందులో దాదాపు మూడింట రెండొంతులు నిజంగా దక్కుతాయి. మిగతాది గాల్లో వంతుల కోసం ఎదురుచూడటానికీ, ప్యాకెట్ అందిందని తిరిగి చెప్పుకోవడానికీ పోతుంది. మీ రూటర్ వైఫై 5 కాబట్టి ఏ లాప్‌టాప్ తెచ్చినా పైన 867 దగ్గర ఆగాల్సిందే. అందులో దక్కేది 550 పైచిలుకు. మీ ఫైబర్ 100, అంటే సెకనుకి 12.5 మెగాబైట్లు. అక్కడే అయిదింతల ఖాళీ మిగిలి ఉంది.

ఇక వైఫై 7లో కొత్తగా వచ్చినవి ముఖ్యంగా మూడు. మొదటిది 320 మెగాహెర్ట్జ్ చానల్. అది 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో తప్ప ఎక్కడా లేదు, మీ రూటర్‌లో ఆ బ్యాండే లేదు. రెండోది 4096 క్వామ్, అంటే ఒక్కో సంకేతంలో 10 బదులు 12 బిట్లు కుక్కడం. సిగ్నల్ చాలా శుభ్రంగా ఉండాలి, రూటర్ ఉన్న గది దాటితే కార్డు దాన్ని వదిలేసి కిందికి దిగుతుంది. మూడోది మల్టీ లింక్, ఒకేసారి రెండు బ్యాండ్లలో రూటర్‌తో కలిసి ఉండటం. దానికి రూటర్ కూడా వైఫై 7 అయ్యుండాలి, విండోస్ 11 కూడా 24హెచ్2 గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి. మూడింటిలో ఒక్కటి కూడా మీ ఇంట్లో నడవదు. ఆ 6 వేలు ర్యామ్ మీద పెట్టండి.

ముందుచూపు_మూర్తి

రంగా గారి అంకెలు సరైనవే. కానీ ఆయన ఇవాళ్టి రూటర్‌ని పట్టుకుని ఐదేళ్ల లాప్‌టాప్‌ని తూకం వేస్తున్నారు.

రూటర్ ఎప్పుడైనా మారుతుంది. ప్లాన్ పెంచితే ఫైబర్ వాళ్లే మారుస్తారు, లేదా మూడు వేలు పెట్టి మనమే కొనుక్కుంటాం. లాప్‌టాప్‌లో వైఫై చిప్ అలా కాదు. పలచటి మోడళ్లలో చాలావాటికి దాన్ని బోర్డు మీదే టంకం వేసేస్తున్నారు. కొన్న రోజున ఏది ఉందో చివరి రోజున కూడా అదే.

అసలు 6 వేలు పెట్టేది వేగం కోసం కాదు, 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కోసం. అపార్ట్‌మెంట్‌లో వైఫై జాబితా తెరిచి చూడండి. ఇరవై ముప్పై పేర్లు కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే చానళ్లు మూడే: 1, 6, 11. వాటిలోనే ఈ ముప్పై ఇళ్లూ సర్దుకోవాలి. 5 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 2018 అక్టోబర్ నుంచి 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వాడుకునే వీలుంది కానీ చాలా రూటర్లు అలవాటుగా చానల్ 36 మీదో 149 మీదో కూర్చుంటాయి. 6 గిగాహెర్ట్జ్‌లో పాత పరికరం ఒక్కటి కూడా ఉండదు. పాత కార్డుల నిదానం అక్కడికి రాదు. అమెరికాలో ఆ బ్యాండ్ 2020లోనే తెరిచారు. మన టెలికాం శాఖ 2025 మేలో ముసాయిదా ఇచ్చింది. మంచి దారి తెరుచుకుంటుంటే దాని మీద ఎక్కలేని బండిని ఐదేళ్ల కోసం ఎందుకు కొనాలి?

రేడియో_రంగా

మూర్తి గారూ, ఆ దారి వెడల్పు కూడా చెప్పాలి కదా. అమెరికాలో 5925 నుంచి 7125 దాకా మొత్తం 1200 మెగాహెర్ట్జ్ ఇచ్చారు. ఒకదాన్నొకటి తాకని 320 చానళ్లు అక్కడ మూడు పడతాయి. మన దేశం ఆ ముసాయిదా నుంచీ వైఫైకి చూపుతున్నది 5925 నుంచి 6425 వరకు, కింది 500 మాత్రమే. అందులో 320 చానల్ ఒక్కటే పడుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు వైఫై 7 రూటర్ పెట్టి ఇద్దరూ 320 ఆన్ చేశారంటే మళ్లీ ఒకే చానల్లో గొడవే. 160 అయితే మూడు పడతాయి. కాబట్టి మనకి పనికొచ్చే వెడల్పు 160, అది వైఫై 6ఈ కార్డులోనే, అంటే 6 గిగాహెర్ట్జ్ కూడా అందుకునే వైఫై 6 కార్డులోనే ఉంది. వైఫై 7 అక్కర్లేదు.

వెడల్పు పెంచితే ఇంకో నష్టం ఉంది. రూటర్ పవర్ అంతే, చానల్ మాత్రం రెట్టింపు. గరిటెడు పిండితో పెద్ద దోశ పోసినట్టు పలచబడుతుంది. చానల్ రెట్టింపైన ప్రతిసారీ రేడియో రొద 3 డెసిబెల్స్ పెరుగుతుంది. 80 నుంచి 320కి వెళ్తే 6 డెసిబెల్స్. పైగా 6 గిగాహెర్ట్జ్ గోడల్ని 5 కన్నా ఇంకాస్త కష్టంగా దాటుతుంది. మన ఇళ్లలో తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, స్లాబులు. హాల్లో రూటర్ పెట్టి మేడ మీద గదిలో కూర్చుంటే 6 గిగాహెర్ట్జ్ మీద ఆశ పెట్టుకోకూడదు.

యాంటెన్నా_అనసూయ

ఇద్దరూ తరాల నంబరు మీదే కొట్టుకుంటున్నారు. ఆ నంబరు కింద దాగి ఉన్న విషయం ఇంకోటి ఉంది. ఈ బడ్జెట్లో జనం దెబ్బతినేది అక్కడే. కాజా గారూ, ముందు దీన్ని చూడండి.

కార్డులో యాంటెన్నాలు ఒకటా రెండా? అంటే 1×1 కార్డా, 2×2 కార్డా? వైఫై 6 అనే మాటలో ఈ సంగతి లేదు. ఒక్క యాంటెన్నా ఉన్న కార్డుకి కూడా వైఫై 6 అనే పేరు న్యాయంగానే వస్తుంది. కానీ 80 మెగాహెర్ట్జ్ మీద దాని గరిష్ఠ లింకు 600 ఎంబీపీఎస్. పాత వైఫై 5 కార్డు రెండు యాంటెన్నాలతో 867 ఇస్తుంది. అంటే కొత్త తరం పేరు పెట్టుకున్న కార్డు పాత తరం కార్డు కన్నా కింద ఉండొచ్చు.

చిప్ పేరు తెలిస్తే పొరబడే పని లేదు. ఇంటెల్‌లో ఏఎక్స్101 అంటే ఒక్క యాంటెన్నా. ఏఎక్స్203 అంటే రెండు, వెడల్పు 80 వరకే. ఏఎక్స్201 రెండు, 160 దాకా. ఏఎక్స్210, ఏఎక్స్211 రెండూ వైఫై 6ఈ, 160. రియల్‌టెక్‌లో ఆర్‌టీఎల్8851బీఈ ఒక్క యాంటెన్నా, ఆర్‌టీఎల్8852బీఈ రెండు, 80 వరకు. ఈ రెండు పేర్లలో ఒక్క అంకే తేడా, చూపు జారితే కనిపించదు. ఆర్‌టీఎల్8821సీఈ అనేది ఇంకా కొన్ని చవక మోడళ్లలో వస్తోంది. అది వైఫై 5, ఒక్క యాంటెన్నా, 433. మీడియాటెక్‌లో ఎంటీ7921 రెండు యాంటెన్నాల వైఫై 6, 80 వరకు. ఎంటీ7922 అంటే వైఫై 6ఈ, 160.

మూర్తి గారు మెచ్చుకునే వైఫై 7లోనూ ఇదే కథ. ఇంటెల్ బీఈ200, బీఈ201 అయితే 320 దాకా వెళ్తాయి. బీఈ202 160 దగ్గరే ఆగుతుంది. మీడియాటెక్ ఎంటీ7925 కూడా 160యే. క్వాల్‌కామ్ ఫాస్ట్‌కనెక్ట్ 7800 320 చేస్తుంది. డబ్బా మీద మాత్రం అందరికీ వైఫై 7 అనే ముద్ర ఒక్కటే.

కంపెనీ సొంత సైటుకి వెళ్లి మోడల్ పేరుతో కాకుండా పూర్తి పార్ట్ నంబరుతో వెతకండి. ఒకే పేరు మీద అయిదారు పార్ట్ నంబర్లు ఉంటాయి, వాటిలో వైఫై కార్డు మారుతుంటుంది. అమ్మకం సైట్లలో రాసేది చాలాసార్లు మొదటి పార్ట్ నంబరు నుంచి కాపీ చేసిందే.

రేడియో_రంగా

అనసూయ గారూ, ఒప్పుకుంటాను, కానీ ఒక ప్రశ్న. ప్లాన్ 100 ఎంబీపీఎస్. 1×1 కార్డు 433 ఇచ్చినా నాలుగు రెట్లు ఉంది కదా? నేను వైఫై 7 వద్దన్న లెక్కే ఇక్కడా పెడితే రెండో యాంటెన్నా కూడా వద్దనాలి.

యాంటెన్నా_అనసూయ

రూటర్ పక్కన కూర్చుంటే మీ లెక్క సరిపోతుంది. గోడ అడ్డొస్తే సరిపోదు, ఎందుకో చెప్తాను.

గదిలో సిగ్నల్ నేరుగా ఒకటి వస్తుంది, బీరువా మీద పడి ఒకటి వస్తుంది, గోడ మీద తగిలి ఇంకోటి వస్తుంది. ఇవి కలిసేచోట ఒకదాన్నొకటి బలపరుచుకోవచ్చు, ఒకదాన్నొకటి చంపుకోనూవచ్చు. 5 గిగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు సుమారు 6 సెంటీమీటర్లు, కాబట్టి మూడు సెంటీమీటర్లు జరిగితేనే మంచి చోటు చెడ్డ చోటవుతుంది. ఒక్క యాంటెన్నా ఆ చెడ్డ చోట పడితే లింకు పడిపోతుంది. రెండు యాంటెన్నాలు స్క్రీన్ చుట్టూ రెండు మూలల్లో ఉంటాయి. రెండూ ఒకేసారి చెడ్డ చోట పడటం అరుదు. కార్డు రెండింట్లో విన్నదాన్ని కలిపి చదువుతుంది, దాంతో వినికిడి 3 డెసిబెల్స్ దాకా మెరుగుపడుతుంది. రెండు గదుల అవతల వీడియో కాల్ ఆగకుండా నడవడానికి కావలసింది అదే. వైఫై 7 ఇచ్చే అదనం రూటర్ దగ్గర కనిపిస్తుంది. రెండో యాంటెన్నా ఇచ్చే అదనం రూటర్‌కి దూరంగా, మనకి అవసరమైనచోట కనిపిస్తుంది. అందుకే రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

ఓరుగల్లు_వైర్

హాస్టల్ సంగతి ఎవరూ మాట్లాడుతలేరు. కాజా అన్నా, చెల్లె ఎక్కువ దినాలు ఉండేది అక్కడనే కద.

కాలేజీలు, హాస్టళ్లలో యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై ఇచ్చే పెట్టెలు, పెట్టేటోళ్లు చానల్ వెడల్పు 20గానీ 40గానీ పెడ్తరు. 80 కూడా చానా తక్కువ. ఒక్క అంతస్తులోనే ఆరేడు పాయింట్లు ఉంటయి. పక్కపక్క పాయింట్లు ఒకే చానల్ల పడకుండ పంచాలంటే సన్నగ కొయ్యాల్సిందే. 20 మెగాహెర్ట్జ్ మీద రెండు యాంటెన్నాల వైఫై 5 కార్డుకు గరిష్ఠ లింకు 173, వైఫై 6 కార్డుకు 287. ఆడ 160, 320 అన్న మాటే ఉండది. ఆ 6 వేలు హాస్టల్ల ఒక్క దినం కూడా అక్కరకు రావు.

వైఫై 6 మాత్రం హాస్టల్ల మస్తు ఉపయోగం. రెండు కారణాలు. ఒకటి ఓఎఫ్‌డీఎంఏ. వైఫై 5ల ఒకరికి వంతు వస్తే చానల్ మొత్తం ఆ ఒక్కరికే, పంపేది చిన్న మెసేజే అయినా సరే. వైఫై 6ల అదే చానల్‌ను ముక్కలు చేసి ఒకేసారి చానామందికి పంచుతది. 20 మెగాహెర్ట్జ్‌ల తొమ్మిది ముక్కల దాక అయితయి. నలభై మంది ఒక్క పాయింట్ మీద ఉన్నప్పుడు ఎదురుచూసుడు తగ్గుతది. రెండోది, వైఫై 5 అనేది 5 గిగాహెర్ట్జ్‌కే రాసిన ప్రమాణం. గది చివరల 5 అందక 2.4కు దిగితే వైఫై 5 కార్డు 2009 నాటి వైఫై 4 లెక్క పనిచేస్తది, 144 గరిష్ఠం. వైఫై 6 రెండు బ్యాండ్లల పనిచేస్తది, అదే 2.4ల 287 దాక పోతది.

అందుకే నా మాట: వైఫై 5 కొనొద్దు, వైఫై 7 కోసం ఉరకొద్దు. రెండు యాంటెన్నాల వైఫై 6 తీస్కోండి.

ముందుచూపు_మూర్తి

వైర్ తమ్ముడు చెప్పిన హాస్టల్ లెక్క బాగుంది. అయినా 6 గిగాహెర్ట్జ్ వాదన అలాగే నిలబడి ఉంది. 20, 40 వెడల్పుతో సర్దుకోవడానికి కారణమే చానళ్లు చాలకపోవడం. ఇంకో 500 మెగాహెర్ట్జ్ దొరికితే అదే హాస్టల్లో 80 పెట్టుకోవచ్చు, అలాంటివి ఆరు పడతాయి. కాలేజీలు పాయింట్లు మార్చే సమయం, మన అమ్మాయి చదువు పూర్తయ్యే సమయం ఒకటి కావని మీరంటే దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ తర్వాత ఉద్యోగం ఉంది, అద్దె ఫ్లాట్ ఉంది. 320 మీద నాకు పట్టుదల లేదు, 160 చేసే వైఫై 7 అయినా, 6ఈ అయినా సరే. 6 గిగాహెర్ట్జ్ ఉండాలంతే.

ఇంకోటి. 160 కోసం 5 గిగాహెర్ట్జ్ చాలదా అని ఎవరైనా అడగొచ్చు. 5లో 160 పడేది రెండే చోట్ల: 36 నుంచి 64, 100 నుంచి 128. రెండింటిలోనూ రాడార్ వాడే చానళ్లు ఉన్నాయి. ఆన్ చేయగానే రూటర్ కనీసం ఒక నిమిషం ఏమీ పంపకుండా చెవొగ్గి వింటుంది. మధ్యలో ఎప్పుడైనా రాడార్ వినిపించిందనుకుంటే వెంటనే చానల్ ఖాళీ చేసి 80కి దిగిపోతుంది. విమానాశ్రయాల దగ్గర ఇది మరీ ఎక్కువ. వీడియో కాల్ మధ్యలో కారణం లేకుండా రెండు మూడు సెకన్లు ఆగిపోయే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇదే. 6 గిగాహెర్ట్జ్‌లో ఈ బెడద లేదు.

రేడియో_రంగా

ఆ మాట నిజం. 5లో 160 మీద నేను కూడా ఆధారపడమని చెప్పను. 80 పెట్టి, చానల్ 36 గానీ 149 గానీ ఎంచుకోవడమే నిలకడ.

డల్లాస్_దారి

దీనికి దగ్గరి ప్రశ్న. ఇక్కడ అమెరికాలో సెలవు అమ్మకాల్లో వైఫై 7 మోడల్ చవగ్గా దొరుకుతోంది. కొని ఇండియా పంపితే అక్కడ 6 గిగాహెర్ట్జ్ పనిచేస్తుందా?

యాంటెన్నా_అనసూయ

కార్డులో రేడియో ఉన్నంత మాత్రాన బ్యాండ్ తెరుచుకోదు. దేశం కోడు, డ్రైవర్, బయోస్ మూడూ ఒప్పుకోవాలి. ఇంటెల్ కార్డులు చుట్టుపక్కల రూటర్లు ప్రకటించే దేశం కోడు విని, ఆ దేశానికి ఏవి అనుమతి ఉంటే వాటినే తెరుస్తాయి. కాబట్టి అక్కడ 6 గిగాహెర్ట్జ్‌లో మెరిసిన లాప్‌టాప్ ఇక్కడ దిగగానే 5 గిగాహెర్ట్జ్‌కే పరిమితం కావచ్చు. డ్రైవర్, బయోస్ తాజాగా ఉంచండి, మన చేతిలో ఉన్నది అంతే. విండోస్ 10 మీద మాత్రం ఎక్కడైనా సరే 6 గిగాహెర్ట్జ్ రాదు, విండోస్ 11 కావాల్సిందే.

అమెరికా లాప్‌టాప్‌లతో ఇక్కడ తరచుగా కనిపించే ఇంకో చిక్కు చిన్నది: "ఇంట్లో వైఫై పేరే కనిపించట్లేదు, ఫోన్లో మాత్రం కనిపిస్తోంది". రూటర్ 2.4లో ఆటోమేటిగ్గా 12 లేదా 13 చానల్‌కి వెళ్లి ఉంటుంది. ఇక్కడ అవి మామూలే, అమెరికా కోడు మీద ఉన్న కార్డు వాటిని వెతకదు. రూటర్ పేజీలోకి వెళ్లి 1, 6, 11లో ఒకటి కట్టిపడేస్తే పేరు కనిపిస్తుంది.

స్క్రూడ్రైవర్_సుబ్బు

కార్డు సాకెట్లో ఉంటే ఈ చర్చ సగం అక్కర్లేదు. ఇవాళ వైఫై 6 మోడల్ కొని, రేపు కావాలంటే రెండు వేల చుట్టుపక్కల పెట్టి ఏఎక్స్210 వేసుకోవచ్చు. కానీ తెలియకుండా కొంటే ఆ రెండు వేలూ పోతాయి.

ఇంటెల్ పేర్లలో చివర 0 ఉన్నవి, అంటే ఏఎక్స్200, ఏఎక్స్210, బీఈ200, పూర్తి కార్డులు. చివర 1 ఉన్నవి, ఏఎక్స్201, ఏఎక్స్211, బీఈ201, సగం కార్డులు. మిగతా సగం ఇంటెల్ ప్రాసెసర్ వైపు ఉంటుంది. చివర 1 ఉన్నదాన్ని ఏఎండీ లాప్‌టాప్‌లో పెడితే సాకెట్లో చక్కగా కూర్చుంటుంది, స్క్రూ పడుతుంది, కానీ విండోస్‌కి కనిపించనే కనిపించదు. బీఈ200 పూర్తి కార్డే అయినా ఏఎండీ బోర్డుల్లో చాలావాటితో పొసగదు, కొన్ని బూట్ కూడా కావు. ఏఎండీకి ఏఎక్స్210 లేదా ఎంటీ7922 క్షేమం.

మార్చేటప్పుడు ముందు కొత్త కార్డు డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, లేకపోతే మార్చాక నెట్ ఉండదు, నెట్ లేక డ్రైవర్ ఉండదు. చార్జర్ తీసి, వెనక మూత విప్పి, మొదట బ్యాటరీ కనెక్టర్ లాగండి. కార్డు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవు, ఒక్క స్క్రూ. దాని మీద రెండు సన్నటి తీగలు, మామూలుగా ఒకటి నల్లది ఒకటి తెల్లది. ఏది ఎక్కడుందో ఫోటో తీసుకోండి. ప్లాస్టిక్ పుల్లతో నిటారుగా పైకి లేపాలి, పక్కకి లాగితే చివరి రింగు ఊడొస్తుంది. పెట్టేటప్పుడు బొడిపె మీద సరిగ్గా నిలిపి వేలి కొనతో నొక్కితే టిక్కుమని చిన్న స్పర్శ తెలుస్తుంది. తెలియలేదంటే కూర్చోలేదు. ఒక తీగ సగం కూర్చున్నా వైఫై వస్తుంది, కానీ 2×2 కార్డు 1×1 లాగా నడుస్తుంది, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ తెగిపోతుంటాయి. అప్పుడు డ్రైవర్ని తిట్టుకుంటూ కూర్చుంటారు.

ఒక్క యాంటెన్నా కార్డుతో వచ్చిన మోడళ్లలో కొన్నింటికి స్క్రీన్ నుంచి తీగ కూడా ఒక్కటే వేసి ఉంటారు. అలాంటిదాంట్లో 2×2 కార్డు పెట్టి లాభం లేదు.

వేలెడంత యూఎస్‌బీ డాంగిల్ దీనికి మందు కాదు. యాంటెన్నా చిన్నది, పైగా యూఎస్‌బీ 3 పోర్టు, హబ్బు, హార్డ్ డిస్కు వేసే రొద 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది.

లినక్స్_లక్ష్మి

చెల్లెలు ఇంజనీరింగ్ అన్నారు, విండోస్ బదులు ఉబుంటు లినక్స్ వేసుకునే అవకాశం ఉంది కాబట్టి ఒక్క మాట. కార్డు ఎంత కొత్తదైతే కెర్నెల్, అంటే లినక్స్ గుండెకాయ, అంత కొత్తది కావాలి. ఏఎక్స్210కి 5.10, ఎంటీ7921కి 5.12, ఆర్‌టీఎల్8852బీఈకి 6.2, వైఫై 7 ఎంటీ7925కి 6.7. ఉబుంటు 24.04 మొదటి నుంచీ 6.8తో వచ్చింది, ఈ నాలుగూ అందులో పనిచేస్తాయి. కాలేజీ ల్యాబులో ఎవరో ఇచ్చిన పాత 22.04 పెన్‌డ్రైవ్‌తో వేస్తే 5.15 రావచ్చు, అప్పుడు చివరి రెండు కార్డులూ కనిపించవు. ఫోన్‌కి యూఎస్‌బీ కేబుల్ పెట్టి టెథరింగ్ ఆన్ చేసి అప్‌డేట్ చేసుకుంటే సరి. ఎంటీ7902 కార్డు ఉన్న మోడల్ మాత్రం వదిలేయండి, దానికి కెర్నెల్లో డ్రైవర్ లేక చాలాకాలం జనం అల్లాడారు.

కాకినాడ_కాజా

అందరికీ దండాలు. పార్ట్ నంబర్లతో కంపెనీ పేజీ చూశాను. 66 వేలదాంట్లో ఉన్నది ఎంటీ7925, అంటే అనసూయ గారు చెప్పిన 160 వైఫై 7. 60 వేలదానికి మాత్రం "వైఫై 6, 1×1 లేదా 2×2" అని రాసి ఉంది! లాట్‌ని బట్టి ఏదైనా రావచ్చట. ఇప్పుడు డబ్బాలో ఏముందో కొనకముందే తెలిసేదెలా?

యాంటెన్నా_అనసూయ

షాపులో కొంటున్నారు కాబట్టి వీలుంది. బిల్లు వేయకముందే డబ్బా తెరిచి ఆన్ చేయమనండి. విండోస్ మొదటిసారి దేశం అడిగే తెర వస్తుంది. అక్కడే ఆగి షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి. కొన్నింటిలో ఎఫ్ఎన్ కూడా కలపాలి. నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో నెట్‌ష్, డబ్ల్యూలాన్, షో, డ్రైవర్స్ అనే నాలుగు మాటలు ఇంగ్లీషులో ఖాళీలు వదిలి కొట్టి ఎంటర్ నొక్కితే మొదటి వరసల్లోనే కార్డు పేరు వస్తుంది. చివరి మాట స్థానంలో వైర్‌లెస్‌క్యాపబిలిటీస్ అని కలిపి రాసి కొడితే పంపే ధారలు ఎన్ని, అందుకునే ధారలు ఎన్ని, అంటే యాంటెన్నాలు ఒకటా రెండా అన్నది అంకెల్లో చూపిస్తుంది. రెండింటి ఎదురుగా 2 ఉండాలి. 1 ఉంటే ఆ డబ్బా పక్కన పెట్టి ఇంకోటి తెరవమనండి. సెటప్ పూర్తి చేయలేదు కాబట్టి యాక్టివేట్ అయిందన్న పేచీ రాదు.

డబ్బా తెరవనంటే డెమో ముక్క మీద చూడండి, కానీ మీకు ఇచ్చేది అదే లాట్ అని నమ్మొద్దు.

ఓరుగల్లు_వైర్

అన్నా, తెరిచినంక 2 అని వస్తే 60 వేలదే తీస్కో. 1 వచ్చి, వేరే డబ్బా లేదంటే అప్పుడు 66 వేలది తీస్కో, తప్పులేదు. అప్పుడు ఆ 6 వేలు రెండో యాంటెన్నాకు ఇచ్చినట్టు.

ముందుచూపు_మూర్తి

నేనైతే డబ్బాలు తెరిపించే పని లేకుండా నేరుగా 66 వేలదే అంటాను. 6 గిగాహెర్ట్జ్ ఊరికే వస్తుంది.

స్క్రూడ్రైవర్_సుబ్బు

కాజా గారూ, ఆ 66 వేలదాని సర్వీసు మాన్యువల్ కంపెనీ సైటులో దొరికితే "వైఫై కార్డు తీయడం" అనే పేజీ ఉందో లేదో చూడండి. ఉంటే సాకెట్, లేకపోతే టంకం. 60 వేలదానికీ అలాగే చూసి ఇక్కడ రాయండి.

కాకినాడ_కాజా

చూశాను సుబ్బు గారూ. 60 వేలదానికి ఆ పేజీ ఉంది, బొమ్మలో రెండు తీగలు కనిపిస్తున్నాయి, ఒకటి నల్లది ఒకటి తెల్లది. 66 వేలదానికి లేదు. శనివారం షాపుకి వెళ్తున్నాం, షిఫ్ట్ ఎఫ్10 కొట్టాక ఏమొచ్చిందో రాస్తాను.